పాత బల్లరాట్‌లో ఒక కొట్టు ఆచూకీ పట్టడం ఎలా

మా బావమరిది బల్లరాట్‌లో బిర్యానీ హోటల్ పెట్టాడు. ఆస్ట్రేలియాలో మెల్బోర్న్‌కి పడమరగా 110 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది ఆ ఊరు. ఒకప్పుడు బంగారం తవ్వుకున్న ఊరు. ఊరికి తూర్పు వైపున ఒక పాత ఇటుక భవనం అద్దెకు దొరికింది. తాళాలు చేతిలో పెడుతూ ఏజెంటు "ఇది 1854లో కట్టింది, అప్పట్లో కూడా హోటలే" అన్నాడట. మావాడికి సంబరం ఆగలేదు. "బావా, 170 ఏళ్ళుగా ఇక్కడ జనం భోంచేస్తున్నారు, తెలుసా!" అని ఫోన్ చేశాడు. బోర్డు మీద ‘1854 నుంచి’ అని రాయించేశాడు కూడా.

నాకెందుకో నమ్మకం కుదరలేదు. సరదాగా వెతకడం మొదలుపెడితే ఆరు నెలల ఆదివారాలు దానికే పోయాయి. ఏజెంటు చెప్పిన రెండు ముక్కల్లో ఒక్కటీ నిలబడలేదు. అయితే ఆ వెతుకులాటలో ఒక పద్ధతి చేతికి వచ్చింది. విక్టోరియా రాణి కాలంలో బ్రిటిష్ కాలనీ పట్టణాల్లో ఉన్న దుకాణాలు, హోటళ్ళు, చేతిపనులవాళ్ళ గురించి ఎవరైనా తెలుసుకోవాలనుకుంటే ఇదే దారిలో వెళ్ళవచ్చు. నేను బల్లరాట్ పట్టుకుని చెబుతాను, ఎందుకంటే అక్కడి కాగితాలే నేను చూశాను.

అసలు సూత్రం ముందే చెప్పేస్తాను. ఒక కొట్టు గురించి మూడు రకాల కాగితాలు దొరుకుతాయి. పేపర్లో వేసిన ప్రకటన కొట్టువాడు తన గురించి తాను చెప్పుకున్నది. మునిసిపాలిటీ పన్ను పుస్తకం ఊరు అతని గురించి రాసుకున్నది. కోర్టు, దివాలా కాగితాలు అతనికి అప్పులిచ్చినవాళ్ళు, అతనితో గొడవపడ్డవాళ్ళు చెప్పినవి. ఒక్కదాన్ని నమ్మితే మోసపోతాం. కనీసం రెండు కలిసేదాకా ఏదీ ఖాయం చేసుకోకండి.

1. ముందు మాటల సంగతి తేల్చుకోండి

నేను మొదటి నెల తప్పుదారి పట్టింది ఇక్కడే. మనకు హోటల్ అంటే ఇడ్లీ, దోసె, భోజనం. బల్లరాట్ ఉన్న విక్టోరియా కాలనీలో హోటల్ అంటే లైసెన్సు తీసుకుని మద్యం అమ్మే ఇల్లు. బాటసారులు పడుకోవడానికి నాలుగు గదులు, వెనకాల గుర్రాల కొట్టం కూడా ఉండేవి. అన్నం కూడా పెట్టేవారు కానీ అసలు వ్యాపారం బీరు, బ్రాందీ. భోజనానికే వెళ్ళే చోటు కావాలంటే ‘రెస్టారెంట్’, ‘డైనింగ్ రూమ్స్’, ‘బోర్డింగ్ హౌస్’ అనే మాటలతో వెతకాలి. ‘కాఫీ ప్యాలెస్’ అనే పేరు 1880ల నుంచి కనిపిస్తుంది. అది మద్యం అమ్మని పెద్ద హోటల్, మద్యనిషేధం కోరేవాళ్ళ చలవ.

‘స్టోర్’ కూడా అలాంటిదే. గనుల దగ్గర స్టోర్ అంటే ఒక గుడారం. అందులో పిండి, చక్కెర, టీ, పారలు, బూట్లు, కొవ్వొత్తులు, కంబళ్ళు అన్నీ ఒక్కచోటే. బంగారం కొనేది కూడా అక్కడే. చాటుగా గ్లాసు రమ్ము పోసేదీ అక్కడే.

‘ఐరన్‌మాంగర్’ కమ్మరి కాదు, ఇనుప సామాన్ల కొట్టువాడు. ‘డ్రేపర్’ బట్టల కొట్టువాడు. ‘ప్రొడ్యూస్ మర్చంట్’ దగ్గర గడ్డి, ఓట్స్ గింజలు, బంగాళాదుంపలు దొరుకుతాయి, అంటే ఆ కాలపు పెట్రోలు బంకు అనుకోండి, గుర్రాలకు మేత అక్కడే కాబట్టి. ‘కూపర్’ పీపాలు చేసేవాడు, ‘వీల్‌రైట్’ బండి చక్రాలు చేసే వడ్రంగి, ‘శాడ్లర్’ జీనులు, తోలుపట్టీలు కుట్టేవాడు. ‘కేబినెట్ మేకర్ అండ్ అండర్‌టేకర్’ అని కలిపి రాసి ఉంటే కంగారుపడకండి. బీరువాలు చేసే వడ్రంగే శవపేటికలు చేసి, అంత్యక్రియలు కూడా జరిపించేవాడు. చెక్కా అదే, రంపమూ అదే.

2. ఊరి నైసర్గికం, నాలుగు తేదీలు

ఊరు తెలియకుండా కొట్టు దొరకదు. విక్టోరియా ప్రత్యేక కాలనీ అయింది 1851 జులై 1న. ఆ ఆగస్టులోనే బల్లరాట్ చుట్టుపక్కల బంగారం పడింది. పడమటి గట్టు మీద ప్రభుత్వ సర్వేయరు గీసిన ప్లాను ప్రకారం వెడల్పాటి స్టర్ట్ వీధి, లిడియార్డ్ వీధి వచ్చాయి. తూర్పు పల్లంలో మాత్రం తవ్వకందార్లు నడిచిన బాటే మెయిన్ రోడ్డు అయింది. అందుకే అది ఈనాటికీ వంకరటింకరగా పోతుంది. 1850లలో అసలు బజారు ఆ వంకర రోడ్డే. చెక్కతో, గుడ్డతో కట్టిన కొట్లు కావడంతో నిప్పంటుకుంటే వరసలు వరసలే కాలిపోయేవి, వానొస్తే నీళ్ళు లోపలికి వచ్చేవి. 1862లో గీలాంగ్ అనే రేవు పట్టణం నుంచి రైలు వచ్చి స్టేషను లిడియార్డ్ వీధిలో పడ్డాక, వ్యాపారం మెల్లగా పడమటి గట్టు మీదికి మారింది.

ఈ సంగతి మీకు ఎందుకంటే, పడమటి బల్లరాట్‌కి 1855లో, తూర్పు బల్లరాట్‌కి 1857లో వేర్వేరు మునిసిపాలిటీలు ఏర్పడ్డాయి. రెండూ కలిసింది 1921లో. అంటే పన్ను పుస్తకాలు కూడా రెండు జతలు. తప్పు జత తీస్తే జీవితకాలం వెతికినా మీ కొట్టు కనిపించదు. నేను మూడు వారాలు పడమటి పుస్తకాల్లో తల దూర్చి ఊరికే కూర్చున్నాను.

ఊరి పేరు స్పెల్లింగు ఇంకో తలనొప్పి. పాత కాగితాల్లో మధ్యలో ‘ఏ’ అక్షరం రెండుసార్లు ఉంటుంది. మునిసిపాలిటీ 1994 దాకా అలాగే రాసింది. వెతికేటప్పుడు రెండు రకాలుగానూ కొట్టి చూడండి.

ఇంకో సౌకర్యం ఉంది. కాలనీ కాలం 1901 జనవరి 1న ఆస్ట్రేలియా సమాఖ్య ఏర్పడడంతో ముగిసింది. అదే నెల 22న రాణి పోయింది. ఎక్కడ ఆపాలో తేల్చుకోవడానికి ఇంత చక్కటి గీత ఇంకే ఊళ్ళోనూ దొరకదు.

3. ఒక్క మనిషి, ఒక్క ఏడాది

‘బల్లరాట్ దుకాణాల చరిత్ర’ అని మొదలుపెడితే నెల తిరగకముందే విసుగొచ్చి వదిలేస్తారు. ఒక్క కొట్టువాడిని, ఒక్క ఏడాదిని పట్టుకోండి. ఏడాది 1858 తర్వాతది అయితే మేలు, అప్పటికి రెండు మునిసిపాలిటీలూ పనిచేస్తున్నాయి, పేపర్లూ దొరుకుతున్నాయి. పేరు మాత్రం జాన్ స్మిత్, విలియం జోన్స్ లాంటివి వద్దు. మన ఊళ్ళో సుబ్బారావు ఎవరని అడిగినట్టు ఉంటుంది. కాస్త అరుదైన ఇంటిపేరు ఉన్నవాడిని ఎంచుకుంటే పని సగానికి సగం తగ్గుతుంది.

మనిషి పేరు తెలియకపోతే వీధి నుంచి మొదలుపెట్టవచ్చు. వ్యాపార డైరెక్టరీలు దానికి పనికొస్తాయి. మెల్బోర్న్‌లో అచ్చయిన శాండ్స్ అండ్ మెక్‌డూగల్ డైరెక్టరీ అన్నింటికన్నా ప్రసిద్ధం. అది ప్రధానంగా మెల్బోర్న్‌ది, బయటి ఊళ్ళకు వేరే ప్రచురణకర్తల డైరెక్టరీలు కూడా చూడాలి. ఇక్కడ ఒక మెలిక. 1870 డైరెక్టరీ అంటే అందులోని సమాచారం 1869 చివర్లో సేకరించింది. డైరెక్టరీలో పేరుందని ఆ ఏడాది కొట్టు నడిచిందని రాసేయకండి.

4. పాత పేపర్లలోకి దిగడం

ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం నడిపే ‘ట్రోవ్’ అనే సైటు ఉంది. ఉచితం, ఖాతా కూడా అక్కర్లేదు. హైదరాబాద్‌లో కూర్చుని కూడా 1858 నాటి బల్లరాట్ పేపరు పూర్తి పేజీ చదువుకోవచ్చు. నాకు తెలిసి ఇంత ఉదారంగా పాత పేపర్లు జనం చేతికిచ్చిన దేశాలు చాలా తక్కువ.

ఇక్కడి ముఖ్యమైన పేపరు ‘స్టార్’. 1855లో మొదలై 1864 దాకా ఆ పేరుతోనే నడిచింది. 1865 నుంచి 1924లో మూతపడేదాకా ‘బల్లరాట్ స్టార్’. ట్రోవ్‌లో ఇవి రెండు వేర్వేరు పత్రికలుగా ఉంటాయి. ఒకదాన్నే టిక్ చేస్తే మీ కొట్టు 1864 డిసెంబరులో హఠాత్తుగా మాయమైనట్టు కనిపిస్తుంది. కొట్టు ఎక్కడికీ పోలేదు, పేపరు పేరు మారింది, అంతే.

వెతికే పద్ధతి ఇది. ఇంటిపేరు, పని పేరు కలిపి కొట్టండి. ఫిల్టర్లలో రాష్ట్రం, పత్రిక, దశాబ్దం ఎంచుకోండి. తర్వాత రకాల్లో ‘అడ్వర్టైజింగ్’ టిక్ చేయండి. జవాబులు వచ్చాక ఒక చిక్కు ఉంటుంది. ప్రకటనల కాలమ్ మొత్తాన్ని సైటు ఒకే వ్యాసంగా లెక్కవేస్తుంది. మీరు జీనుల కొట్టు కోసం వెతికితే పైన పంటినొప్పి మందు ప్రకటన కనిపిస్తుంది. తప్పు వచ్చిందనుకుని వెనక్కి వచ్చేయకండి. తెరిచి, రంగు పూసిన మాట ఎక్కడుందో కిందిదాకా చూడండి.

ఈ పేజీలను కంప్యూటరు చదివి అక్షరాలుగా మార్చింది కాబట్టి తప్పులు కుప్పలు. ఇంగ్లిష్ ‘హెచ్’ను ‘బి’గా, ‘ఇ’ని ‘సి’గా, ‘ఎస్’ను 8 అంకెగా చదివేస్తుంది. పేరు దొరక్కపోతే వీధి పేరుతో, పక్క కొట్టు పేరుతో, ‘ఎదురుగా ఫలానా హోటల్’ అనే గుర్తుతో వెతకండి. అప్పట్లో అడ్రసులన్నీ ‘ఫలానా దానికి ఎదురుగా’ అనే ఉండేవి. మన ఊళ్ళలో ‘రామాలయం పక్కన’ అన్నట్టే. దొరికాక ఆ తప్పును మీరే సరిదిద్దవచ్చు, సైటులోనే ఆ వీలుంది. తర్వాత వెతికేవాడు మిమ్మల్ని తలుచుకుంటాడు.

5. ప్రకటనను చదవడం ఒక విద్య

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే అందరం తప్పులు చేసేది ఇక్కడే.

‘లేట్ ఆఫ్ లండన్’ అని ఒక దర్జీ ప్రకటనలో కనిపిస్తుంది. నేను మొదటిసారి చూసి, పాపం చనిపోయాడు కాబోలు, కొడుకు నడుపుతున్నాడేమో అని నోటు రాసుకున్నాను. ఇక్కడ ‘లేట్’ అంటే ఇంతకుముందు అని అర్థం. లండన్‌లో కొట్టు ఉండేది, ఇప్పుడు ఇక్కడికి వచ్చాను అని గొప్ప చెప్పుకుంటున్నాడు. నిజంగా ఉండేదా లేదా అన్నది దేవుడికెరుక. అదే పేరుకు ముందు ‘ద లేట్ మిస్టర్ ఫలానా’ అని ఉంటే మాత్రం పోయినట్టే.

తేదీల దగ్గర ‘ఇన్‌స్టంట్’, ‘అల్టిమో’, ‘ప్రాక్సిమో’ అని ఉంటాయి, చాలాసార్లు మూడు నాలుగు అక్షరాలకు కుదించి. ఇన్‌స్టంట్ అంటే ఈ నెల, అల్టిమో అంటే పోయిన నెల, ప్రాక్సిమో అంటే వచ్చే నెల. మార్చి 3 పేపర్లో ‘28 అల్టిమో’న కొట్టు కాలిపోయిందని ఉంటే, కాలింది ఫిబ్రవరి 28న. ఇది తెలియక నెల తేడాతో రాసేస్తే తర్వాత ఏదీ కుదరదు.

డబ్బు లెక్క: 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు, 21 షిల్లింగులు ఒక గినీ. ధర దగ్గర 7, గీత, 6 అని ఉంటే ఏడు షిల్లింగుల ఆరు పెన్నీలు. మన రూపాయి, అణా, పైసా లెక్క విన్న పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే వెంటనే పట్టేస్తారు. ఆ ధర ఎక్కువా తక్కువా అన్నది తెలియాలంటే పక్కన ఒక కొలత పెట్టుకోవాలి. 1854లో తవ్వకందారు నెలకు ఒక పౌండు లైసెన్సు కట్టాలి, బంగారం దొరికినా దొరక్కపోయినా. స్టోరు పెట్టుకున్నవాడికి ఏడాదికి 50 పౌండ్లు. ఆ డిసెంబరు 3న, తవ్వకందార్లు కట్టుకున్న యురేకా దడి దగ్గర సైనికులతో కాల్పులదాకా వెళ్ళిన గొడవకు ఇదో పెద్ద కారణం. తర్వాత 1855లో తవ్వకందారు హక్కుపత్రం ఏడాదికి ఒక్క పౌండు అయింది. ఈ అంకెలు పక్కన పెట్టుకుని చూస్తే జత బూట్ల ధర మీకే మాట్లాడుతుంది.

ఆఖరి జాగ్రత్త. ప్రకటన ఒకసారి ఇస్తే నెలల తరబడి అదే అచ్చు పడుతూ ఉండేది. కాబట్టి చివరి ప్రకటన తేదీని కొట్టు మూసిన తేదీ అనుకోవద్దు. మొదటిసారి పడ్డ తేదీ మాత్రం విలువైనది, దానికోసం వెనక్కి వెనక్కి వెళ్ళండి. మూసినప్పుడు సాధారణంగా వేరే రకం ప్రకటన ఉంటుంది: సరుకంతా వేలం, ‘భాగస్వామ్యం రద్దు’, ‘అప్పులున్నవాళ్ళు వచ్చి చెల్లించండి’. అవి కనిపిస్తే లోపల ఏదో జరిగిందన్నమాట.

6. పన్ను పుస్తకం

ప్రకటనలో ‘విశాలమైన నూతన భవనం’ అని ఉన్నది పన్ను పుస్తకంలో ‘చెక్క, రేకుల కొట్టు’ అని ఒక్క ముక్కలో తేలిపోతుంది. ఏడాదికో పుస్తకం, స్థలానికో వరస. ఎవరుంటున్నారు, ఎవరి సొంతం, ఏం పని, ఎలాంటి కట్టడం, వార్షిక విలువ ఎంత. ఆ విలువ అంటే ఆ ఆస్తికి ఏడాదికి వచ్చే అద్దె అంచనా. విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వ దస్తావేజుల కార్యాలయం ద్వారా ఇవి చూడవచ్చు. వెళ్ళే ముందు ఏ పుస్తకం ఎక్కడుందో ఆన్‌లైన్ జాబితాలో చూసి, ముందుగా ఆర్డరు పెట్టుకుని వెళ్ళండి. ఊరికే వెళ్ళి నిలబడితే ఆ రోజు పోయినట్టే.

ఇంటి నంబర్లను అస్సలు నమ్మవద్దు. తొలి పుస్తకాల్లో అసలు ఉండవు, తర్వాత వచ్చినవి మారిపోయాయి. నేను చేసింది ఇది. మలుపులో ఉన్న ఒక చర్చినో, బ్యాంకునో గుర్తుగా పెట్టుకుని, అక్కడి నుంచి ఎన్నో వరసో లెక్కపెట్టుకుంటూ వెళ్ళాను. ప్రతి ఏడాదికీ అటూ ఇటూ పొరుగువాళ్ళ పేర్లు కూడా రాసుకున్నాను. పొరుగువాళ్ళు మారకుండా మధ్యవాడు మారితే స్థలం అదేనని ధైర్యం.

మావాడి భవనం గుట్టు ఇక్కడే రట్టయింది. తూర్పు మునిసిపాలిటీయే 1857లో వచ్చింది కదా, 1854 నాటి పన్ను పుస్తకం అన్నదే లేదు. మొదటి పుస్తకాల్లో ఆ స్థలంలో ఉన్నది చెక్క కొట్టు, ఉన్నవాడు శాడ్లర్. 1860ల మధ్యలో ఒక ఏడాది విలువ ఒక్కసారిగా రెండింతలు దాటింది, ‘చెక్క’ అన్న మాట పోయి ‘ఇటుక’ అని వచ్చింది. అదీ మన భవనం పుట్టిన ఏడాది. విలువ అలా ఎగిరిన చోట కొత్త కట్టడం లేచిందని, పడిపోయిన చోట నిప్పో, మాంద్యమో వచ్చిందని అనుమానించి, ఆ నెలల పేపర్లు తిరగేయండి. మరి హోటల్? అది పక్క స్థలంలో ఉండేది.

7. హోటళ్ళకు వేరే దారి

హోటళ్ళ జాడ తీయడం కొట్లకన్నా తేలిక. లైసెన్సు ప్రతి ఏడాదీ మళ్ళీ తీసుకోవాలి, చేతులు మారితే కోర్టులో చెప్పాలి, అదంతా పేపర్లో పడుతుంది. చిక్కల్లా పేర్లతోనే. ఓనరు మారితే బోర్డు మారేది. ఒక్కోసారి పాత పేరు తీసుకుని ఓనరు ఇంకో వీధికి పోయేవాడు.

లిడియార్డ్ వీధిలో ఇప్పటికీ నిలిచి ఉన్న క్రెయిగ్స్ రాయల్ హోటల్‌నే చూడండి. 1853లో థామస్ బాత్ మొదలుపెట్టాడు, అప్పుడది బాత్స్ హోటల్. 1857లో వాల్టర్ క్రెయిగ్ కొన్నాడు. 1867లో రాణిగారి కొడుకు ప్రిన్స్ ఆల్‌ఫ్రెడ్ వచ్చి బస చేశాక పేరులో ‘రాయల్’ చేరింది. అదే ఏడాది చివర్లో ఆడమ్ లిండ్సే గోర్డన్ అనే కవి ఆ హోటల్ గుర్రాల కొట్టాన్ని అద్దెకు తీసుకుని వ్యాపారం చేశాడు, నష్టపోయాడు. ఒక్క హోటల్ కప్పు కింద మద్యం, పడకలు, వంట, గుర్రాలు ఇలా విడివిడి వ్యాపారాలు విడివిడి మనుషుల చేతుల్లో ఉండేవని దీన్నిబట్టి తెలుస్తుంది. హోటల్ పేరు ఒక్కటే వెతికితే కవిగారు తగలరు, ‘లివరీ స్టేబుల్స్’ (అద్దె గుర్రాల కొట్టం) అని కూడా వెతకాలి. క్రెయిగ్ గుర్రం నింబుల్‌ఫుట్ 1870లో మెల్బోర్న్ కప్ గెలిచింది. అప్పటికి ఆయన లేడు, ఆగస్టులోనే పోయాడు. రౌతు చేతికి నల్లపట్టీ కట్టుకుని ఉండగా తన గుర్రం గెలిచినట్టు ఆయనకు ముందే కలవచ్చిందని ఊళ్ళో చెప్పుకుంటారు. ఇలాంటి కథలు రాసుకోండి కానీ, వేరే రంగు సిరాతో రాసుకోండి.

గొడవలు జరిగిన హోటళ్ళ గురించి కాగితాలు ఇంకా ఎక్కువ. 1854 అక్టోబరు 7న జేమ్స్ స్కోబీ అనే తవ్వకందారు బెంట్లీకి చెందిన యురేకా హోటల్ దగ్గర హత్యకు గురయ్యాడు. నిందితుడైన బెంట్లీని మేజిస్ట్రేట్లు వదిలేశారని జనం మండిపడి 17న హోటల్ తగలబెట్టారు. మళ్ళీ విచారణ జరిగి బెంట్లీకి శిక్షపడింది, అతని భార్య కాథరిన్ నిర్దోషిగా బయటపడింది. ఈ విచారణల్లో సాక్షులు చెప్పిన మాటల్లో ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుంది అనేదాకా ఉంటుంది. హోటల్ లోపల ఎలా ఉండేదో ఏ ప్రకటనా అంత బాగా చెప్పదు.

మీ హోటల్ 1910 ప్రాంతంలో మాయమైతే దివాలా తీసిందని తొందరపడకండి. 1906లో చట్టం చేసి విక్టోరియా అంతటా హోటళ్ళ సంఖ్య తగ్గించారు. పరిహారం ఇచ్చి మరీ మూయించారు. మా పక్క స్థలంలోని హోటల్ అలా పోయిందే.

8. దివాలా, వీలునామా, కోర్టు

తవ్వకందార్లు అరువు పెట్టేవారు. బంగారం పడితే తీర్చేవారు, పడకపోతే రాత్రికి రాత్రి ఇంకో గని ఊరికి వెళ్ళిపోయేవారు. కాబట్టి కొట్టువాళ్ళు దివాలా తీయడం మామూలే. వాళ్ళకది కష్టం, మనకు మాత్రం అదృష్టం. దివాలా ఫైలులో కొట్టువాడు ఎవరికి ఎంత బాకీ, అతనికి ఎవరు ఎంత బాకీ, కొట్లో మిగిలిన సరుకేమిటి అన్నీ జాబితా వేసి ఉంటాయి. మా శాడ్లర్ ఫైలు దొరకలేదు, అతనెప్పుడూ దివాలా తీయలేదేమో, సంతోషమే. వేరే ఒక బట్టల కొట్టువాడిది చూశాను. అప్పులిచ్చినవాళ్ళలో మెల్బోర్న్ టోకు వర్తకులు, తిరిగి రావాల్సిన బాకీల్లో పేర్లు, పేర్ల పక్కన ‘ఆచూకీ లేదు’ అని గుమాస్తా రాత. సరుకు ఎక్కడి నుంచి వచ్చేదో, ఎవరు కొనేవారో ఒక్క కాగితంలో తెలిసిపోయింది.

వీలునామాలు, వారసత్వ కాగితాలు 1841 నుంచి ఉన్నాయి. 1925 దాకా స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. చచ్చిపోయిన కొట్టువాడి ఆస్తి లెక్కలో కుర్చీలు, తక్కెడలు కూడా ఉంటాయి. జనన మరణాల నమోదు 1853 జులై నుంచి ఉంది, నకళ్ళకు డబ్బు కట్టాలి. మరణ పత్రంలో వృత్తి, పిల్లల పేర్లు, కాలనీలో ఎన్నేళ్ళున్నాడు అన్నవి కూడా రాసేవారు, కాబట్టి ఒక్కదానికి ఖర్చుపెట్టినా దండగ కాదు.

9. కాగితం సరిగ్గా పట్టించుకోని మనుషులు

పై పద్ధతి అంతా తెల్ల మగవాళ్ళకు బాగా పనిచేస్తుంది. మిగతావాళ్ళకు అడ్డదారులు తొక్కాలి.

పెళ్ళయిన ఆడవాళ్ళు కొట్టు నడిపినా బోర్డు మీద, పన్ను పుస్తకంలో భర్త పేరే. 1870, 1884 చట్టాలు వచ్చేదాకా ఆస్తి మీద వాళ్ళకు హక్కు సరిగ్గా లేదు. భర్త గనిలో పనిచేస్తూ, పుస్తకంలో మాత్రం ‘కిరాణా’ అని ఉంటే కొట్లో కూర్చున్నది ఎవరో ఊహించుకోవచ్చు. భర్త పోయాక మరుసటి ఏడాది అదే వ్యాపారం ఆమె పేరున కనిపిస్తే ఊహ గట్టిపడుతుంది. హోటల్ లైసెన్సుల్లో విధవల పేర్లు తరచుగా కనిపిస్తాయి.

చైనీయుల పేర్లు గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. ఒకే మనిషికి మూడు పేర్లు, మూడు మనుషులకు ఒకే పేరు. 1855లో కాలనీ చట్టం చేసి ఒక్కొక్క చైనీయుడి మీద 10 పౌండ్ల పన్ను వేసింది. అది తప్పించుకోవడానికి వేలమంది పక్క కాలనీలోని రోబ్ రేవులో దిగి, వందల కిలోమీటర్లు నడిచి గనులకు వచ్చారు. అదే 1855లో చిత్రకారుడు ఎస్. టి. గిల్ మెయిన్ రోడ్డు మీద జాన్ అల్లూ చైనీస్ రెస్టారెంట్ బొమ్మ గీశాడు. కొట్టు పైన ఇంగ్లిష్ బోర్డు. మావాడు వెతికిన ‘170 ఏళ్ళ భోజన హోటల్’ అంటూ ఊళ్ళో ఏదైనా ఉంటే అది ఇదే, మనవాళ్ళది కాకపోయినా. ఇలాంటివారి కోసం బొమ్మలు, అనువాదకుల జాబితాలు, కోర్టు సాక్ష్యాలు చూడాలి.

శతాబ్దం చివరికొచ్చేసరికి మూట భుజాన వేసుకుని, తర్వాత బండి కట్టుకుని పల్లెలు తిరిగిన భారతీయ వర్తకులు కూడా విక్టోరియాలో కనిపిస్తారు, ఎక్కువమంది పంజాబ్ నుంచి. పేపర్లలో ‘హిందూ హాకర్’ అనే ఉంటుంది, మనిషి సిక్కు అయినా ముస్లిం అయినా సరే. తెలుగువాళ్ళ కోసం అయితే వెతకాల్సింది బల్లరాట్‌లో కాదు, దక్షిణాఫ్రికా డర్బన్‌లో. 1860లో మద్రాసు నుంచి బయలుదేరి నవంబరు 16న అక్కడికి చేరిన ట్రూరో ఓడతో మొదలుపెట్టి, వచ్చిన కూలీల పేరు, తండ్రి పేరు, జిల్లా, ఊరు ఓడ జాబితాల్లో రాశారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల పేర్లు అందులో చూసుకోవచ్చు. గడువు తీరాక కూరగాయలు పండించి అమ్ముకున్నవాళ్ళు, కొట్లు పెట్టినవాళ్ళు ఎవరో తేల్చడానికి ఇక్కడ చెప్పిన వరసే అక్కడా నడుస్తుంది.

10. కాగితాలు చాలు, ఊళ్ళోకి వెళ్ళండి

మెల్బోర్న్ నుంచి రైల్లో గంటన్నరలోపే వెళ్ళవచ్చు. స్టేషను దిగితే లిడియార్డ్ వీధే. కింద కొట్ల అద్దాలు చూడకండి, తలెత్తి పైఅంతస్తు చూడండి. కింద అంతా మార్చేశారు, పైన ముఖద్వారం మీద కట్టిన ఏడాది, మొదటి ఓనరు పేరు సున్నంలో అలాగే ఉన్నవి చాలా ఉన్నాయి. తర్వాత సందులోకి వెళ్ళి పక్క గోడ చూడండి, వెలిసిపోయిన రంగులో పాత ప్రకటనల అక్షరాలు కనిపిస్తాయి. పొద్దున పూట ఏటవాలు ఎండలో ఫోటో తీస్తే బాగా తేలతాయి. వెనక పెరట్లో రాళ్ళు పరిచిన దారి, పెద్ద రెండు రెక్కల తలుపు ఉంటే అక్కడ గుర్రాలు, బళ్ళు ఉండేవని అర్థం.

1970లో తెరిచిన సోవరిన్ హిల్ అనే ఆరుబయలు మ్యూజియంలో 1850ల మెయిన్ రోడ్డును మళ్ళీ కట్టారు. కమ్మరి, బండి చక్రాల వడ్రంగి, కొవ్వొత్తులు చేసేవాడు మీ కళ్ళముందే పనిచేస్తారు. పిల్లలతో వెళితే రోజంతా పడుతుంది. నిజం మెయిన్ రోడ్డు మీద ఉన్న యునైటెడ్ స్టేట్స్ హోటల్ పేరుతో అక్కడా ఒకటి ఉంది. 1856లో నాట్యకత్తె లోలా మాంటెజ్, తన గురించి చెడుగా రాశాడని పత్రికా సంపాదకుడు హెన్రీ సీకాంప్‌ను కొరడాతో కొట్టింది ఆ అసలు హోటల్లోనే. ఒక్కటే గుర్తుంచుకోండి, మ్యూజియంలో బండి చక్రం ఎలా చేస్తారో నేర్చుకోవచ్చు కానీ, ఫలానా కొట్టు ఫలానా చోట ఉండేదని చెప్పడానికి దాన్ని సాక్ష్యంగా చూపకండి. అది కొత్తగా కట్టింది.

ఇంటికొచ్చాక ఒక్కో కొట్టుకు ఒక్కో షీటు. ఎడమ పక్క ఏడాది, పక్కన మూడు గడులు: తాను చెప్పుకున్నది, ఊరు రాసుకున్నది, అప్పులవాళ్ళు చెప్పింది. ప్రతి ముక్క పక్కన పేపరు తేదీ, పేజీ, లేదా ఫైలు నంబరు. ఇది రాసుకోకపోతే మూడు నెలల తర్వాత మీ నోట్సు మీకే అనుమానం పుట్టిస్తుంది. గడి ఖాళీగా ఉంటే ఖాళీగానే వదిలేయండి.

మావాడి షీటు చూపించాక కాసేపు ముఖం మాడ్చుకున్నాడు. తర్వాత పెయింటర్‌ను పిలిచి బోర్డు మీద ‘1854 నుంచి’ చెరిపించాడు. ఇప్పుడు గల్లాపెట్టె వెనక గోడకు పాత జీను ఒకటి వేలాడుతూ ఉంటుంది, సెకండ్ హ్యాండ్‌లో 90 డాలర్లకు కొన్నాడు. బిల్లు కట్టేవాళ్ళు అదేమిటని అడిగితే శాడ్లర్ కథ మొదలుపెడతాడు, వెనక క్యూ పెరిగిపోతున్నా ఆపడు.